పదహారేళ్లకే నెల తప్పితే: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల బాల్యవివాహాల మీద వచ్చిన ఉత్తరానికి నేనిచ్చిన జవాబు చూసి చాలామంది రాశారు. కొందరు తిట్టారు కూడా, సంతోషం, చివరిదాకా చదివారన్నమాట. మిగతావాటిలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి, చిన్న వయసులో కడుపు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

*మేడమ్, మా అమ్మాయికి మొన్ననే పదహారు నిండాయి, ఇంటర్ ఫస్టియర్. రెండు నెలలుగా బయట చేరలేదని నాకు ఆలస్యంగా తెలిసింది. మెడికల్ షాపులో కిట్ తెచ్చి చూస్తే రెండు గీతలు. అబ్బాయి మా వీధిలోవాడే, పదిహేడేళ్లు. మా ఆయన పిల్ల ముఖం చూడటం లేదు. మా ఆడపడుచేమో గుట్టుగా గుళ్లో తాళి కట్టించేయమంటోంది, లేదంటే ఆర్ఎంపీ దగ్గర మాత్రలు తెచ్చి మింగించమంటోంది. ఏది మంచిది?*
*– ఒక తల్లి, పల్నాడు జిల్లా*

రెండూ వద్దమ్మా.

ముందు మాత్రల సంగతి. గర్భం పోయే మాత్రలు తొమ్మిది వారాల లోపు, డాక్టరు చూసి, రాసిచ్చి, మళ్లీ రమ్మని పరీక్ష చేస్తేనే వాడాలి. మీరు రెండు నెలలు అంటున్నారు. డాక్టర్లు లెక్కేసేది ఆఖరిసారి బహిష్టయిన మొదటి రోజు నుంచి, కాబట్టి మీ లెక్క ప్రకారమే తొమ్మిది వారాలు దాటిపోయి ఉండొచ్చు. పైగా గర్భం ఎక్కడ నిలిచిందో స్కానింగ్ చేస్తే గానీ తెలియదు. ట్యూబులో నిలిచిన గర్భానికి ఈ మాత్రలు మింగిస్తే లోపల అది అలాగే ఉంటుంది, పైకి రక్తం పోతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు, ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. సగం పోయి సగం లోపలే ఉండిపోయి, జ్వరంతో, ఆగని రక్తంతో రాత్రిపూట పెద్దాసుపత్రికి పరుగెత్తే పిల్లలు కొత్తేమీ కాదు.

ఇక తాళి. పదహారేళ్ల పిల్లకి పెళ్లి చేయడం 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం. చేసినవాళ్లకి, చేయించినవాళ్లకి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ అబ్బాయికీ పదిహేడే కదా, వాడు రేపు ఏం చేసి పోషిస్తాడు? పరువు కాపాడుకున్నామనే తృప్తి మీకు వారం రోజులుంటుంది, ఆ తర్వాత చదువు మానేసిన ఇద్దరు పిల్లలూ ఒక పసిబిడ్డా మీ నెత్తినే ఉంటారు. పోనీ పెళ్లి చేస్తే కేసు ఉండదా అంటే, ఉంటుంది. పద్దెనిమిది నిండని పిల్ల ఇష్టంతో జరిగినా, పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోదు.

మరేం చేయాలి? ఇంకో వారం ఆలోచిద్దామనుకోకుండా ప్రభుత్వ జిల్లా ఆసుపత్రికో ఏరియా ఆసుపత్రికో తీసుకెళ్లి గైనకాలజిస్టుకు చూపించండి. గర్భం వద్దనుకుంటే తీయించుకునే హక్కు చట్టమే ఇచ్చింది. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 2021 సవరణ తర్వాత మైనర్లకు 24 వారాల దాకా వీలుంది, అప్పుడు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. మైనరు కాబట్టి మీ సంతకం కావాలి. ఆలస్యమయ్యేకొద్దీ పని కష్టమవుతుంది, ప్రమాదం పెరుగుతుంది, అందుకే తొందరపెడుతున్నాను.

మీరు భయపడేది పోలీసులకని నాకు తెలుసు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, పద్దెనిమిది లోపు పిల్ల గర్భంతో వస్తే డాక్టరు పోలీసులకు తెలియజేయాలి, అది ఆయన ఇష్టాయిష్టాల మీద లేదు. కానీ 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనరూ, ఆమె సంరక్షకులూ కోరితే, డాక్టరు ఆ సమాచారంలో అమ్మాయి పేరు, వివరాలు చెప్పనక్కర్లేదు. ఈ సంగతి తెలియని డాక్టర్లూ ఉన్నారు, కాబట్టి లోపలికి వెళ్లగానే మీరే నోరు తెరిచి అడగండి. లీగల్ సర్వీసెస్ వాళ్ల నంబరు 15100. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిస్తారు.

ఇంకొక్క మాట, ఇది ఆసుపత్రికి వెళ్లేలోపే చేయండి. అబ్బాయి ఫలానా అని మీరు రాశారు. పిల్ల తన నోటితో చెప్పిందా, మీరే ఊహించారా? ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, తండ్రీ ఆడపడుచూ లేకుండా, కొట్టనని మాటిచ్చి అడగండి. ఇంట్లోవాళ్ల పేరో చుట్టాల పేరో చెప్పలేక బయటి కుర్రాడి పేరు చెప్పే పిల్లలుంటారు. అలాంటిదైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, అప్పుడు గుట్టుగా ఉంచడం అనే ఆలోచనే పెట్టుకోవద్దు.

ఆమెకు గర్భం ఉంచుకోవాలనే ఉంటే బలవంతాన తీయించకండి. కని, పెంచలేమనిపిస్తే బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించే దారి ఉంది. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలలు గడువిస్తారు. ఆసుపత్రి వరండాలో ఎవరో వచ్చి పిల్లల్లేనివాళ్లు ఉన్నారమ్మా, ఖర్చులన్నీ వాళ్లే పెట్టుకుంటారు అంటే మాత్రం నమ్మొద్దు, అది అమ్మకం కిందికి వస్తుంది.

మీ ఆయనకి ఈ జవాబు చదివి వినిపించండి. ముఖం చూడకపోవడం వల్ల గర్భం ఆగదు.

*అక్కా, నాకు పదిహేడు. వేసవి సెలవుల్లో మా మేనమామకిచ్చి చేశారు, అమ్మానాన్న వలస పోతూ నన్ను ఒంటరిగా వదల్లేమన్నారు. మామయ్య మంచివాడే. కానీ మా అమ్మమ్మ, ఇప్పుడు అత్త, ఏడాది తిరిగేసరికి మనవణ్ణి ఎత్తుకోవాలంటోంది. నాకు ఇంకా డిగ్రీ చదవాలనుంది. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఏం చేయాలి? ఆపరేషన్ చేయించుకోవచ్చా?*
*– పేరు వద్దు, కర్నూలు జిల్లా*

ఆపరేషన్ ఊసే ఎత్తకు తల్లీ. అది ఇక పిల్లలు చాలు అనుకున్నవాళ్లు చేయించుకునేది. నువ్వు అలా అడగడంలో నీ తప్పేం లేదు, మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనొక్కటే అన్నట్టయిపోయింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మిగతా ఆధునిక పద్ధతులన్నీ కలిపినా ఒకటి రెండు శాతం దాటవు. అంటే కనేయడం, ఆపేయడం, ఈ రెండే తెలుసు మనకి. వాయిదా వేయడమనేది ఒకటుందని పెళ్లికూతురికి చెప్పేవాళ్లే లేరు.

వాయిదా వేసేవి ఉన్నాయి. నిరోధ్ అన్నిటికన్నా తేలిక, డాక్టరు అక్కర్లేదు, కాకపోతే మామయ్య ప్రతిసారీ వాడాలి. ఛాయ అని హార్మోన్ లేని మాత్ర ఉంది, మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. అంతర ఇంజక్షన్ మూడు నెలలకొకటి. కాపర్‌టీ ఇంకా పిల్లలు పుట్టనివాళ్లకూ వేస్తారు, వేయకూడదని ఎవరైనా అంటే అది పాతమాట. ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. నీ వయసుకి, నీ ఒంటికి ఏది సరిపోతుందో డాక్టరే చూడాలి. ఎప్పుడైనా పొరపాటు జరిగితే 72 గంటల లోపు వేసుకునే మాత్ర మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, త్వరగా వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది, నెలనెలా వాడేది మాత్రం కాదు.

నీకు ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. 2017లో సుప్రీంకోర్టు పద్దెనిమిది లోపు భార్యతో కాపురం కూడా నేరమేనంది. కాబట్టి నువ్వు ఆసుపత్రికెళ్లి అసలు వయసు చెబితే విషయం పోలీసుల దాకా వెళ్లొచ్చు. ఈ భయంతోనే చాలామంది పందొమ్మిది అని చెబుతారు. తల్లీబిడ్డల కార్డు మీద వయసు గడిలో 19 అని రాసి, దాని కిందే పదో తరగతి పాసైన సంవత్సరం అడిగితే లెక్క ఎక్కడా కుదరదు, నర్సమ్మకీ తెలుసు, ఆశా అక్కకీ తెలుసు. నష్టపోయేది అమ్మాయే. పదిహేడేళ్ల గర్భిణిని హైరిస్క్ కింద ప్రత్యేకంగా చూడాలి, బీపీ పెరిగి ఫిట్స్ రావడం, నెలలు నిండకుండా కాన్పు, బరువు తక్కువ బిడ్డ, ఇవన్నీ ఈ వయసులో ఎక్కువ. పందొమ్మిది అని రాస్తే అందరితో పాటు లైన్లో నిలబెడతారు. అబద్ధం చెప్పమని నేను చెప్పలేను. పద్దెనిమిది నిండేదాకా వేరుగా ఉండటం, అంటే ఏదో ఒక హాస్టల్లో సీటు సంపాదించి చదువుకోవడం, నీకున్న దారుల్లో అన్నిటికన్నా మంచిదని మాత్రం చెప్పగలను. మామయ్య మంచివాడన్నావు కదా, ఈ మాట అతనికి చెప్పు, వినకపోతే జైలుకెళ్లేది తనేనని కూడా చెప్పు.

ఈ పెళ్లే వద్దనిపిస్తే నీకు ఇరవై నిండేదాకా కోర్టులో రద్దు చేయించుకునే హక్కుంది. ఇప్పుడు కాకపోయినా గుర్తుపెట్టుకో.

అమ్మమ్మకేం చెప్పాలంటావా? కూతురి కూతుర్ని కోడలిగా తెచ్చుకున్న మనిషి, బిడ్డ పుడితే మనవడూ ముని మనవడూ ఒక్కడే అవుతాడు, ఆవిడ ఆత్రం నాకర్థమైంది. నువ్వు చెబితే ఎదురు మాట్లాడానంటుంది. పీహెచ్‌సీ నర్సమ్మ చేత చెప్పించు, చిన్న పిల్లకి మొదటి కాన్పు ఎంత ప్రమాదమో వాళ్లు చెబితే ఆ తరం వాళ్లు వింటారు. ఎప్పుడు బిడ్డను కనాలనుకున్నా మేనరికం సంగతి డాక్టరుకి ముందే చెప్పు.

*ఇదంతా సెల్‌ఫోన్ల పుణ్యం. మా కాలంలో ఆడపిల్లలు తలెత్తి చూసేవాళ్లు కాదు. మీలాంటివాళ్లు గర్భనిరోధక సాధనాల గురించి పత్రికల్లో రాసి ఇంకా చెడగొడుతున్నారు.*
*– ఒక విశ్రాంత ఉద్యోగి, వరంగల్*

అయ్యా, మీ కాలంలో కూడా పదిహేనేళ్లకే కనేవాళ్లు, కాకపోతే పెళ్లి చేసి కనిపించేవాళ్లు. 1929లో శారదా చట్టం వచ్చినప్పుడు ఆడపిల్ల పెళ్లి వయసు పద్నాలుగు. అది పద్దెనిమిది అయింది 1978లో. ఇప్పటికీ అంతే జరుగుతోంది. పైన చెప్పిన సర్వేలోనే, 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవాళ్లూ గర్భంతో ఉన్నవాళ్లూ ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం, మీ తెలంగాణలో 5.8, దేశం మొత్తం మీద 6.8. ఆంధ్రలో అంతకుముందు సర్వేకన్నా ఇది పెరిగింది. వీళ్లలో అత్యధికులు పెళ్లయిన పిల్లలే. 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందన్నవాళ్లు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5. ఈ పెళ్లిళ్లు సెల్‌ఫోన్ చేయలేదు కదండీ, శుభలేఖ వేయించి, ముహూర్తం పెట్టించి, మనమే భోజనాలు చేసి వచ్చాం. పెళ్లికాని పిల్ల నెల తప్పితే ఊరంతా గగ్గోలు, పెళ్లయిన పదిహేడేళ్ల పిల్ల నెల తప్పితే స్వీట్లు. ఒళ్లు ఒకటే, ప్రమాదం ఒకటే.

మీరు నిజంగా ఏమైనా చేయాలనుకుంటే, ఈసారి తెలిసినవాళ్లింటి నుంచి పెళ్లి పిలుపు వచ్చినప్పుడు పిల్ల పుట్టిన తేదీ అడగండి. కల్యాణలక్ష్మి పథకం కింద 1,00,116 రూపాయలు రావాలంటే పెళ్లినాటికి పిల్లకి పద్దెనిమిది నిండాలి, ఆ లెక్క చెప్పినా కొందరు ఆగుతారు. ఆగకపోతే అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ వాళ్లకో 1098కో చెప్పండి. కోర్టు ఆపమని ఉత్తర్వు ఇచ్చాక కూడా చేస్తే ఆ పెళ్లి అసలు చెల్లదు.

*హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి నాకే ఇబ్బంది. ఒకసారి వివరంగా చెబితే ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు. హెడ్మాస్టరు ‘చదువుకోమనండి చాలు’ అన్నారు.*
*– ఒక టీచరు, ప్రకాశం జిల్లా*

ఆ పాఠం ‘ఇంట్లో చదువుకోండి’ అని దాటేసే బడులు చాలా ఉన్నాయి, మీరు చెప్పారు, అదే గొప్ప. ఈ గొడవ కొత్తది కాదు. కేంద్రం మొదలుపెట్టిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో కొన్ని రాష్ట్రాలు ఇలాంటి అభ్యంతరాలతోనే ఆపేశాయి. ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడతారనే భయానికి ఆధారం లేదని యునెస్కో వివిధ దేశాల పరిశోధనలు చూసి చెప్పింది.

మీకు నాదొక సలహా. ముందు తల్లుల్ని పిలవండి, పాఠం వాళ్లకి చెప్పండి. నెలసరి, రక్తహీనత, బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర, ఇక్కడ మొదలుపెడితే ఎవరూ గొడవ పడరు. ఏఎన్ఎంని తోడు తెచ్చుకోండి. ఆ తర్వాత తరగతిలో ఒక డబ్బా పెట్టి, పేరు లేకుండా చీటీలు వేయమనండి. మగపిల్లల్ని బయటికి పంపి ఆడపిల్లలకొక్కళ్లకే చెప్పొద్దు, విడివిడిగానైనా సరే ఇద్దరికీ చెప్పండి. ఎవరూ ఏమీ చెప్పని మగపిల్లాడు ఫోన్‌లో చూసి నేర్చుకునేదేమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వరసగా పదిరోజులు బడికి రాని ఆడపిల్ల ఇంటికి వెళ్లి అడగండి. చాలా పెళ్లిళ్లు అక్కడ బయటపడతాయి.

*అక్కా, నాకు పందొమ్మిది, సెంట్రింగ్ పనికి వెళ్తాను. మేమిద్దరం ఇష్టపడ్డాం, ఆమెకు ఇంకా పద్దెనిమిది నిండలేదు, పాప పుట్టి రెండు నెలలు. పెద్దమనుషులు పంచాయతీ పెట్టి లక్ష కట్టి వదిలేయమన్నారు. నేను వదిలేయను, కానీ కేసు పెడతారని భయంగా ఉంది.*
*– ఒక తమ్ముడు, నల్గొండ జిల్లా*

భయపడాల్సిన విషయమే తమ్ముడూ, నిన్ను ఊరడించడానికి కాదనలేను. ఆమె ఒప్పుకున్నా సరే పోక్సో కింద కేసు పెట్టొచ్చు, నీకు పద్దెనిమిది దాటింది కాబట్టి అది పెద్దవాళ్ల మీద పెట్టే జైలు కేసే. పెద్దమనుషుల రాజీకి చట్టంలో విలువ లేదు, లక్ష కట్టినా కేసు ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పారిపోవద్దు, ఆమెను తీసుకుని హైదరాబాద్ పోదామని అసలే అనుకోవద్దు, కిడ్నాప్ కూడా తోడవుతుంది. 15100కి ఫోన్ చేసి, జిల్లా కోర్టులో ఉండే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి లాయరుతో అన్నీ ఉన్నదున్నట్టు చెప్పు.

పాప విషయంలో నువ్వు చేయగలిగినవి ఈరోజే మొదలుపెట్టొచ్చు. ఆసుపత్రిలో పుట్టిందా? జనన ధ్రువీకరణ తీసుకున్నారా? టీకాలకి ఎవరు తీసుకెళ్తున్నారు? ఆరు వారాలకి వేయాల్సినవి పడ్డాయా, పదివారాలవి ఎప్పుడో కార్డు చూడు. కూలి డబ్బుల్లో ఎంతో కొంత పాప అమ్మమ్మ చేతికి ఇచ్చి లెక్క రాసి ఉంచుకో, ఫోన్‌పే అయితే ఇంకా మంచిది. ఆమె పద్దెనిమిది దాటాక, నీకు ఇరవై ఒకటి నిండాక పెళ్లి మాట. ఈలోపు రెండో గర్భం రాకూడదు, ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. నీలాంటి కుర్రాళ్ల ఉత్తరాలు నాకు అరుదుగా వస్తాయి, మిగతావాళ్లు కనిపించకుండా పోతారు, అందుకే ఇంత వివరంగా రాశాను.

*మా మనవరాలికి పదిహేడు, నాలుగు నెలల బాబు. పదో తరగతి మధ్యలో మానేసింది. ఇప్పుడు పరీక్ష రాస్తానంటే చుట్టాలు నవ్వుతున్నారు. బాబుని నేను చూసుకోగలను. మళ్లీ బడిలో చేర్చుకుంటారా?*
*– ఒక అమ్మమ్మ, శ్రీకాకుళం జిల్లా*

మీలాంటి అమ్మమ్మ ఉంటే సగం పని అయిపోయినట్టే. తల్లైనంత మాత్రాన బడికి రావద్దనే నిబంధన లేదు, ఎవరైనా అంటే రాతపూర్వకంగా ఇమ్మనండి, ఇవ్వరు. కానీ యూనిఫాం వేసుకుని పాత క్లాసులో కూర్చోవడం ఆమెకే కష్టమనిపిస్తే ఏపీ ఓపెన్ స్కూల్ ఉంది, పద్నాలుగు నిండితే పదో తరగతికి, పదిహేను నిండితే ఇంటర్‌కి చేరొచ్చు. రోజూ వెళ్లనక్కర్లేదు, పాస్ కాని సబ్జెక్టులు మళ్లీ రాసుకోవచ్చు. మీ మండలంలో ఏ హైస్కూలు స్టడీ సెంటరో మండల విద్యాశాఖ ఆఫీసులో చెబుతారు.

బాబుకి ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. క్లాసుకో పరీక్షకో వెళ్లేటప్పుడు పాలు పిండి శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి పోతే, నాలుగు గంటల లోపు చెంచాతో పట్టండి, సీసా వద్దు. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తారు, మనవరాలు బాలింతగా నమోదై ఉంటే ఆమెకీ ఆహారం ఇస్తారు, పేరు ఉందో లేదో చూడండి. ఐరన్ మాత్రలు మానిపించకండి, చిన్నతల్లులకి రక్తం తక్కువగా ఉండటం మామూలే. ఏడుస్తూ, నిద్రపోకుండా, బాబుని ఎత్తుకోబుద్ధి కావడం లేదంటే అది బద్ధకం కాదు, పురుడు తర్వాత వచ్చే దిగులు, డాక్టరుకి చూపించాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

అడ్మిషన్‌కి ఆధార్, పాత బడి రికార్డు షీటు, ఫోటోలు కావాలి. పాత బడివాళ్లు రికార్డు షీటు ఇవ్వడానికి తిప్పితే హెడ్మాస్టరుకి దరఖాస్తు రాసి, రసీదు తీసుకోండి. గడువు దాటితే అపరాధ రుసుముతో ఇంకొన్ని రోజులు తీసుకుంటారు, కాబట్టి ఈ నెలలోనే వెళ్లి అడగండి.